సైకిలు పందెమును చూచుట యెట్లు?



సైకిలు మన పల్లెలకు క్రొత్తది కాదు. పాలక్యానులను మోసినది సైకిలే. పిల్లలను ఉన్నత పాఠశాలకు చేర్చినది సైకిలే. సంతకు చింతపండు మూటను కొనిపోయినది సైకిలే. చిత్తూరు సీమలో నా యీడువారు పెక్కుమంది పెద్ద సైకిలు అడ్డుకమ్మి క్రిందనుండి కాలు దూర్చి త్రొక్కుట నేర్చినవారే. నేనును అట్లే నేర్చితిని. అయితే సైకిలును బ్రతుకునకు సాధనముగా వాడుట వేరు, సైకిలు పందెమునే బ్రతుకుగా చేసికొన్నవారిని చూచుట వేరు. అట్టి వృత్తి పందెగాండ్ర పందెములు ఐరోపా ఖండమున నూరేండ్లకు మించి జరుగుచున్నవి. నేడవి టెలివిజను మూలమునను, చేతి ఫోను మూలమునను మన యింటిలోనికే వచ్చినవి. మనుమలు ఆసక్తితో చూచుచుందురు. ప్రక్కన కూర్చున్న పెద్దలకు మాత్రము రంగురంగుల చొక్కాల గుంపొకటి పోవుచున్నట్లు తప్ప వేరేమియు బోధపడదు. ఆ పందెముల మర్మమేమి, వానిని చూచుట యెట్లు, చూచువాని ధర్మమేమి అను మూడు సంగతులను నేడు మనవి చేసెదను.

ఈ పందెములలో మిక్కిలి పేరుగాంచినది ఫ్రాన్సు దేశపు ‘టూర్ ద ఫ్రాన్స్’. ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చుట అని దాని యర్థము. 1903లో ‘లోటో’ అను క్రీడాపత్రిక తన పాఠకుల సంఖ్యను పెంచుకొనుటకై దీనిని ఆరంభించెను. ఆ పత్రికా సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. ఆ మొదటి యేట ఆరు మజిలీలు, మొత్తము 2,428 కిలోమీటర్లు. బయలుదేరినవారు 60 మంది కాగా కడవరకు నిలిచినవారు 21 మందియే. గెలిచినవాని పేరు మోరిస్ గారెన్. రెండు ప్రపంచయుద్ధముల మూలమున కొన్ని యేండ్లు ఆగినను, తరువాత నేటివరకు ఈ పందెము ఏటేట జరుగుచునే యున్నది. ఇప్పుడు మూడు వారములలో 21 మజిలీలు, మూడువేల మూడువందల కిలోమీటర్లకు అటునిటుగా దూరము. ఇటలీ దేశమున 1909 నుండియు, స్పెయిను దేశమున 1935 నుండియు ఇట్టి పందెములే కలవు. స్త్రీల టూర్ పందెము ఇప్పటి రూపమున 2022లో మొదలయినది.

ఒకనాటి రాత్రి మా పెదనాయన నా ప్రక్కన కూర్చుండి ఈ పందెమును చూచి, “ఏందిరా యిది? ముందర పోయినోడు గెలిచె గదా, పచ్చచొక్కా మాత్రం యెనకాల వచ్చినోనికి తొడగతా వుండారు!” అని యడిగెను. అది తగిన ప్రశ్నయే. అది తెలిసినగాని పందెము బోధపడదు. ఏనాటి మజిలీకి ఆనాటి విజేత యొకడుండును. అతడు గాక, అన్ని దినముల కాలమును కూడగా ఎవని మొత్తము తక్కువగునో వాడు పందెము మొత్తమునకు విజేత. మొదటి దినమున ఒకడు రెండవవానికంటె ఒక నిమిషము ముందు చేరెననుకొందము. మరునాడు ఆ రెండవవాడు మూడు నిమిషములు ముందు చేరెనేని, మొత్తపు లెక్కలో రెండు నిమిషముల మేలు వానిదే. అట్లు లెక్కలో ముందున్నవానికి పసుపుపచ్చని చొక్కా నిత్తురు. లోటో పత్రిక పసుపుపచ్చని కాగితముపై అచ్చగుచుండెను గావున 1919లో ఆ రంగు ఏర్పడినది. సమతలమున వేగము చూపి ఎక్కువ గుణములు పొందినవానికి ఆకుపచ్చ చొక్కా, కొండలనెక్కుటలో మేటికి ఎర్రచుక్కల తెల్లచొక్కా, యువకులలో ముందున్నవానికి వట్టి తెల్లచొక్కా. ఈ నాలుగు రంగులను గుర్తుంచుకొన్నచో సగము పందెము తెలిసినట్లే. ఈ లెక్క యెంత సూక్ష్మమైనదన, 1989లో మూడువేల కిలోమీటర్లకు పైగా త్రొక్కిన పిమ్మట అమెరికా దేశీయుడైన గ్రెగ్ లెమాండ్, ఫ్రెంచివాడైన లొరాఁ ఫిన్యోన్ ను కేవలము 8 సెకండ్ల తేడాతో ఓడించెను.

ఇక అసలు మర్మము గాలిలో నున్నది. సమతలమున వేగముగా సైకిలు త్రొక్కువానికి ప్రథమ శత్రువు ఎదురుగాలి. ముందొకడు గాలిని చీల్చుకొని పోవుచుండగా వాని చక్రమునకు జానెడు ఎడముగా వెంబడించువానికి శ్రమ నాలుగవ వంతో, మూడవ వంతో తగ్గును. సాయంకాలమున చెరువుమీదుగా పోవు కొంగల బారును చూచియున్నారు గదా! ముందరి కొంగ అలసినపుడు వెనుకకు వచ్చును, మరియొకటి ముందునకు పోవును. పందెగాండ్రును అట్లే చేయుదురు. ప్రక్కగాలి వీచినపుడు వారు రోడ్డున కడ్డముగా ఏటవాలు వరుస దీర్తురు. ఆ వరుసలో చోటు దొరకనివాడు నిమిషములలో వెనుకబడిపోవును.

కావుననే ఇది ఒంటివాని పందెమువలె కనబడినను నిజమునకు జట్టు పందెము. టూర్ పందెమున ఒక్కొక్క జట్టునకు ఎనిమిదిమంది. వారిలో నాయకుడొకడు, మిగిలినవారు వానికొరకు గాలిని తాము భరింతురు, వెనుకనున్న జట్టు కారునొద్దకు పోయి నీటి సీసాలను తెచ్చి యిత్తురు, వాని చక్రము చెడిన తమ చక్రము నిత్తురు. వారిని ఫ్రెంచి భాషలో ఇంటి సేవకుడను అర్థమిచ్చు మాటతో ‘దొమెస్తిక్’ అందురు. గెలుపు పేరు నాయకునిది. అయినను బహుమతి ధనమును జట్టువారు తమలో పంచుకొనుట వాడుక.

ఈ సాయమునకు మొదట అనుమతి లేదు. 1913లో ఎజెన్ క్రిస్తోఫ్ అను పందెగాడు తుర్మలే అను కనుమ దిగుచుండగా సైకిలు ముందరి ఫోర్కు విరిగెను. అతడు సైకిలును భుజమున నిడుకొని పది కిలోమీటర్లకు మించి నడిచి, క్రింది గ్రామమున కమ్మరి కొలిమి చేరి, తన చేతులతోనే ఇనుమును కాచి అతికించుకొనెను. ఇతరుల సాయము పొందరాదని నియమము గదా! అధికారులు ప్రక్కన నిలిచి చూచుచుండిరి. రెండు చేతులును ఇనుమునకే సరిపోగా, తిత్తి ఊదుటకు అచ్చటి బాలుడొకడు తోడ్పడెను. ఆ తిత్తి ఊదినందుకుగాను క్రిస్తోఫ్ కాలమునకు శిక్షగా మరికొన్ని నిమిషములు చేర్చిరి. ఆరేండ్ల పిమ్మట, 1919లో, మొట్టమొదటి పసుపుపచ్చ చొక్కాను తొడిగినది అతడే.

కాలక్రమమున నియమము మారి, సాయమే పందెమునకు ప్రాణమాయెను. 1934లో రెనె వియెత్తో అను ఇరువదియేండ్ల యువకుడు కొండలలో మేటియై యుండెను. అతని నాయకుడైన ఆంతొనెఁ మాన్య్ చక్రము చెడగా వియెత్తో తన చక్రమును ఊడదీసి యిచ్చి, సాయము వచ్చువరకు దారి ప్రక్కన గోడమీద కూర్చుండెను. మరునాడు ముందునకు సాగిపోయినవాడు వెనుకకు తిరిగివచ్చి తన సైకిలునే యిచ్చెను. ఆ యేడు గెలిచినవాడు మాన్య్, వియెత్తో అయిదవవాడు. అయినను నేటికిని ఫ్రాన్సులో ఆ యేటి పందెమనగానే తలపునకు వచ్చునది గోడమీది యువకుడే. కావున టెలివిజనులో పందెము చూచునపుడు గెలిచినవానిని మాత్రమే చూడకుడు. గమ్యమునకు అయిదారు కిలోమీటర్ల ముందు చెమటతో తడిసి ప్రక్కకు తొలగిపోవువానిని చూడుడు. వాని పని ముగిసినది. నాయకుని పని అచ్చటినుండి మొదలు.

టెలివిజను మనకు హెలికాప్టరునుండియు, మోటారు సైకిలుమీదినుండియు తీసిన బొమ్మలను చూపును. దారి యంతయు, గుంపు యెత్తులన్నియు కనబడును. జూలై మాసమున ఫ్రాన్సులో సాయంకాలము అయిదున్నర గంటలైనపుడు మనకు రాత్రి తొమ్మిది గంటలు. భోజనమైన పిమ్మట తీరికగా చూడవచ్చును. కాని ఆ పెట్టెలో రెండు సంగతులు కనబడవు. ఒకటి గాలి; జెండాలును చెట్ల కొమ్మలును ఎటు వంగుచున్నవో చూచి దానిని తెలిసికొనవలెను. రెండవది ఎత్తు, నిటారు కొండయైనను తెరమీద చదునుగా తోచును. మనము తిరుమలకు ఘాటు రోడ్డుమీద పోవుదుము గదా. మొదటి ఘాటు రోడ్డు 1944లో ఏర్పడినది. తిరుపతినుండి కొండపైకి సుమారు ఏడువందల మీటర్ల ఎత్తును పదునెనిమిది కిలోమీటర్లకు అటునిటుగా సాగిన దారిలో ఎక్కుదుము. అనగా నూరడుగులు సాగిన నాలుగడుగులు పైకి. బస్సు ఇంజను మూల్గుట మనకు వినబడును. ఫ్రాన్సులోని ఆల్ప్ ద్యుయెజ్ అను కొండదారిలో నూరడుగులకు ఎనిమిదడుగులు పైకి, 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు. ఆ దారిని మేటి పందెగాండ్రు దాదాపు నలువది నిమిషములలో ఎక్కుదురు. ఘాటు రోడ్డును తలంచుకొని, దానికి రెట్టింపు ఏటవాలు నూహించి చూచినచో వారి శ్రమ మన కండ్లకు కట్టును.

ఒక సంగతి దాచరాదు. ఈ పందెమునకు మచ్చయును గలదు. 1999 మొదలు 2005 వరకు వరుసగా ఏడుసార్లు గెలిచినట్లు కీర్తిగొన్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ నిషిద్ధ మందులు వాడెనని తేలి, 2012లో ఆ యేడు గెలుపులును రద్దయినవి. నేడు పందెగాండ్ర రక్తమును మూత్రమును తరచుగా పరీక్షింతురు. పిల్లలకు ఈ పందెమును చూపు పెద్దలు ఈ కథను గూడ చెప్పవలెను. మోసము చేసినవాడు ప్రక్కవానినే గాక, వానికొరకు గాలిని భరించిన జట్టువారిని సైతము మోసగించినాడు.

ఇప్పుడు రోడ్డు ప్రక్కకు పోవుదము. ఈ పందెమునకు మైదానము లేదు, టికెట్టు లేదు. ఎవని ఊరిమీదుగా పోయిన వాడు వాకిట నిలిచి చూడవచ్చును. ఫ్రాన్సులో జనులు ఉదయమే మూటముల్లెలతో వచ్చి చెట్టునీడన కూర్చుందురు. పందెమునకు ముందు వ్యాపార సంస్థల అలంకృత బండ్లు టోపీలను, తినుబండారములను పంచుచు పోవును; 1930 నుండి ఈ ఆచారము గలదు. ఆ పిమ్మట పందెగాండ్రు వత్తురు. సమతలమున గుంపంతయు నిమిషములోపల దాటిపోవును. చక్రముల హోరు, గాలి విసురు, అంతియే. ఎవరినైన గుర్తింపవలెనన్న కొండదారి నెన్నుకొనవలెను. అచ్చట ఒకరి వెనుక ఒకరు మెల్లగా వత్తురు. వారి ఊపిరి సైతము వినబడును. ఇట్టి పందెము మన దేశమునకును వచ్చినది. 2026 జనవరిలో పుణె ప్రాంతమున ‘పుణె గ్రాండ్ టూర్’ అను పేరున, అంతర్జాతీయ సైకిలు సంఘపు పట్టికలో చేరిన మజిలీల పందెము జరిగినది. దూరము నాలుగువందల ముప్పది కిలోమీటర్లకు పైబడినది.

చూచువారికిని ఆడువారికిని నడుమ కంచె లేనందున ఒక భారము మనమీద పడుచున్నది. చంద్రగిరి ప్రాంతమున పశువుల పండుగను చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కొమ్ములకు పలకలు కట్టిన కోడెలు వీధిలో పరుగిడునపుడు, చూడవచ్చినవాడు ఒక అడుగు ముందునకు వేసిన యేమగునో మన పెద్దలెరుగుదురు. సైకిలు పందెములో భేదమేమన, మన తప్పునకు దెబ్బ తగులునది ఎక్కువగా పందెగానికే. అయిదుసార్లు గెలిచిన ఎడ్డీ మెర్క్స్ ను 1975లో పుయ్ ద దోమ్ కొండపై చూడవచ్చినవాడొకడు పొట్టలో గ్రుద్దెను. ఆ యేడు మెర్క్స్ రెండవవాడాయెను. 2016లో మోఁ వాంతూ కొండపై జనులు దారిని క్రమ్ముకొనగా ముందున్న మోటారు సైకిలు ఆగిపోయి, పసుపుపచ్చ చొక్కావాడైన క్రిస్ ఫ్రూమ్ దానిని ఢీకొని, సైకిలు చెడి, కొంతదూరము కాలినడకన పరుగెత్తవలసి వచ్చెను. 2021 జూన్ 26న ఒక స్త్రీ తన అవ్వతాతలకు పలకరింపు వ్రాసిన అట్టను కెమెరాకు చూపుచు, వచ్చుచున్న గుంపునకు వీపు త్రిప్పి దారిలోనికి వంగెను. ఒకడు ఆ అట్టకు తగిలి పడగా, వానిపై పదులకొలది పడిరి. న్యాయస్థానము ఆమెకు 1,200 యూరోల జరిమానా విధించెను. ఆమెకు ద్వేషమేమియు లేదు, ఉన్నది ప్రేమయే. ఏమరుపాటు మాత్రము ప్రేమను లెక్కింపదు.

ఇట్టి పందెము మన దారికి ఎన్నడు వచ్చునో చెప్పజాలను. కాని సైకిలు త్రొక్కువారు ఇప్పుడే మన దారిలో నున్నారు. బడిపిల్లలున్నారు, పాలవారున్నారు, వేకువనే సాధన చేయు యువకులున్నారు. మన పల్లెలలో ఉలవకట్టెను, కొర్రలను నూర్పిడికై తారురోడ్డుమీద పరచుట వాడుక. కారు చక్రమునకది లెక్కలేదు. సైకిలు గొలుసునకు, సన్నని చక్రమునకు ఆ కట్టె చుట్టుకొన్నచో త్రొక్కువాడు తలక్రిందులగును. కుప్పకు అడ్డముగా ఉంచిన రాళ్లు రాత్రివేళ కానరావు. పంటను కళ్లమునకు చేర్చుడని, తీసిన పిమ్మట రాళ్లను తొలగింపుడని, పశువులను రోడ్డుప్రక్క వదలకుడని ఊరిలో చెప్పదగినవారు పెద్దలే. పిల్లలు మా మాట కంటె మీ మాటనే విందురు.

సైకిలు పందెములో గెలుపు ఒక్కనిదిగా కనబడును. దాని వెనుక గాలిని భరించిన ఏడుగురుందురు; వారికి దారినిచ్చి ప్రక్కన నిలిచిన వేలమంది యుందురు. దారినిచ్చుటయు పందెములో ఒక పనియే. ఈ సంగతి మనసున నుంచుకొని మనుమల ప్రక్కన కూర్చుండి ఒక రాత్రి ఈ పందెమును చూడుడని కోరుచున్నాను.