గొలుసు కుదిరితేనే లేసు!

నర్సాపురం: మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అంట్లు తోమి, పిల్లవాడిని ఉయ్యాలలో పడుకోబెట్టి, అత్తాకోడళ్లు అరుగు మీదకు చేరారు. అత్తగారి ఒళ్లో తెల్లని దారపుండ, చేతిలో జానెడైనా లేని కొక్కెం సూది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు పువ్వు అల్లడం చూపించమని అడిగింది. ‘‘పువ్వు సంగతి తరవాత చూద్దాం గాని, ముందు గొలుసు అల్లమ్మా’’ అంది అత్తగారు. నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు పరిసర గ్రామాల్లో లేసు విద్య ఇలాగే ఒక చేతినుంచి మరొక చేతికి అందుతూ వచ్చింది.

ఈ పనిని 1844 ప్రాంతంలో స్కాట్లండు మిషనరీలు ఇక్కడి మహిళలకు నేర్పారని చెబుతారు. కాలక్రమంలో అది గోదావరి తీరపు పల్లెల సొంత పనే అయింది. వీరు అల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్లింది. 2024లో నర్సాపురం క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇంత పేరున్న పనికి మొదటి పాఠం మాత్రం ఒక్కటే: గొలుసు కుట్టు.

లావు దారంతో మొదలు

లేసుకు వాడే సన్నని నూలు దారం, సన్నని ఉక్కు సూది కొత్తవారికి పనికిరావు. కుట్టు కంటికి ఆనదు, చేతికి చిక్కదు. లేతరంగు ఊలు దారం, దానికి తగిన లావు సూది తీసుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో ఇట్టే తెలుస్తుంది. పగటి వెలుతురులోనే కూర్చోవాలి. చేతులు కడిగి తుడుచుకోవాలి. చెమట చేతులతో పట్టుకుంటే దారం మాస్తుంది.

ముందుగా దారం కొసన జారుముడి వేసి, ఆ ఉచ్చును సూదికి ఎక్కించాలి. ఉండ వైపు దారాన్ని ఎడమచేతి చిటికెన వేలికి ఒక చుట్టు తిప్పి, చూపుడు వేలి మీదుగా తీసుకోవాలి. ముడి కిందిభాగాన్ని బొటనవేలు, నడిమి వేళ్లతో పట్టుకోవాలి. ఇక సూది కొక్కేనికి దారం తగిలించి ఉచ్చులోంచి ఇవతలకు లాగితే ఒక లంకె పూర్తయినట్టే. మళ్లీ తగిలించడం, మళ్లీ లాగడం. ఇరవై లంకెలు పడేసరికి సన్నజడ అల్లినట్టు గొలుసు కనిపిస్తుంది.

లెక్కలో ఒక మెలకువ ఉంది. సూది మీదున్న ఉచ్చునూ, మొదట వేసిన ముడినీ లెక్కలోకి తీసుకోకూడదు. నడుమ ఉన్నవే లంకెలు.

బిగువు ఎక్కువైతే చిక్కే

కొత్తవారు చేసే పెద్ద పొరపాటు దారాన్ని బిగించి లాగడం. గొలుసు బిగిస్తే రెండో వరుసలో సూది దూరదు. ఉచ్చు సూది మెడ దగ్గర కాక, లావుగా ఉన్న నడిమి భాగం మీద పడితే లంకెలన్నీ ఒకే కొలతకు వస్తాయి. తప్పు వచ్చిందని దిగులు పడనక్కరలేదు. సూది తీసి ఉండ వైపు దారం లాగితే గొలుసంతా విడిపోతుంది. దారం వృథా కాదు. మొదటి రెండు మూడు రోజులు అల్లడం, విప్పడమే అసలు చదువు.

గొలుసు కుదిరాక సాదా కుట్టు. పది కుట్లు కావాలంటే పదకొండు లంకెలు అల్లాలి. సూదికి దగ్గరి లంకెను వదిలి, రెండోదానిలో సూది దూర్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి. ఇంకోసారి దారం తగిలించి రెంటిలోంచీ ఒకేసారి లాగాలి. ఇలా చివరిదాకా వెళ్లి, ఒక లంకె వేసి, పని తిప్పి, మొదటి కుట్టులోనే మళ్లీ మొదలుపెట్టాలి. ప్రతి వరుసకూ పది లెక్క సరిచూడాలి. వరుస చివర ఒక్క కుట్టు మరచిపోతూ పోతే నలుపలకగా రావలసిన ముక్క గోపురంలా సన్నబడుతుంది.

గంటల లెక్క కూడా

చేయి తిరిగాక ఈ పని నాలుగు రూపాయలు తెస్తుంది. అయితే కూలి విషయంలో లేసు మహిళలకు న్యాయం జరగలేదన్నది పాత మాటే. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం లేసు మహిళలపై రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఇది ఇంట్లో కూర్చున్న ఆడవారి తీరిక పనిగా చెలామణి కావడం వల్లనే కూలి అంత తక్కువగా ఉందని ఆమె అందులో చూపించారు. తరవాత మిషను లేసు పోటీ కూడా తోడయింది.

అందుకే నేర్చుకునేవారు లంకెల లెక్కతోపాటు గంటల లెక్క కూడా మొదటినుంచీ అలవాటు చేసుకోవాలి. ముక్క మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు గడియారం చూసి పుస్తకంలో రాసుకోవాలి. దారం ఎంత పట్టిందో కూడా రాయాలి. పదిమంది ఇలా రాసుకుని, నలుగురూ ఒకచోట కూర్చుని సరిచూసుకుంటే, రేపు ఏజెంటు వచ్చి ముక్కకింత అని ధర చెప్పినప్పుడు, అది గంటకు ఎంత పడుతుందో అరుగు మీదే లెక్కగట్టి అడగవచ్చు.