వేడెక్కితే బంద్.. చల్లారితే స్టార్ట్! పాత అంబాసిడర్‌లో ఈ దోబూచులాట ఎందుకు? కార్బొరేటర్ మార్చేముందు ఇది తెలుసుకోండి

కొత్త బండి కొంటే చిత్తూరు జిల్లాలో చాలామంది ముందు తోలుకెళ్లేది ఐరాల మండలంలోని కాణిపాకానికే. వరసిద్ధి వినాయకుడి దగ్గర పూజ చేయించాకే మిగతా పనులు. అలా ఎప్పుడో పూజ చేయించిన ఏపీ 03 నంబరు అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలను నాన్న గుర్తుగానో, తాత గుర్తుగానో అమ్మకుండా దాచుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటి బండ్లలో ఓనర్లను బాగా ఏడిపించే సమస్య ఒకటుంది. అదే.. అప్పుడప్పుడూ వచ్చి పోయే ఇంజిన్ ట్రబుల్.

ఎండాకాలం మధ్యాహ్నం ఐరాల నుంచి చిత్తూరు బయల్దేరారనుకోండి. కాణిపాకం దాటాక ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. అరగంట చెట్టు నీడన ఆపి మళ్లీ కొడితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ బాగానే నడుస్తుంది. దాంతో అనుమానం మీద ఒక్కో సామానూ మార్చుకుంటూ పోతారు. డబ్బులు పోతాయి, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ఆగినప్పుడే దొంగ దొరుకుతాడు

ఇప్పటి కార్లలో తప్పును కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. పాయింట్లు, కార్బొరేటర్‌తో నడిచే పాత బండిలో ఆ సౌకర్యం లేదు. అందుకే బండి ఆగిన ఆ పది నిమిషాలే కీలకం. తేల్చాల్సింది ఒక్కటే.. ఆగిపోయింది కరెంటా? పెట్రోలా?

ఆగిన తీరులోనే సగం జవాబు ఉంటుంది. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే ఎక్కువగా కరెంటు వైపు సమస్య. జర్క్‌లు కొడుతూ, పికప్ తగ్గుతూ మెల్లగా ఆగితే ఎక్కువగా పెట్రోల్ వైపు సమస్య.

స్పార్క్ చూడటం ఇలా

డిక్కీలో ఒక మంచి స్పార్క్ ప్లగ్ ఉంచుకోవాలి. బండి ఆగాక స్విచ్ ఆఫ్ చేసి, ఒక ప్లగ్ వైరు ఊడదీసి ఈ ప్లగ్‌కు తగిలించాలి. దాన్ని కార్బొరేటర్‌కు దూరంగా, ఇంజిన్ ఇనుముకు తగిలేలా పెట్టి ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించాలి. చేత్తో పట్టుకుంటే గట్టి షాక్ కొడుతుంది. పెట్రోల్ వాసన వస్తుంటే ఈ పని అసలు చేయొద్దు.

నీలం రంగులో చురుగ్గా స్పార్క్ వస్తే కరెంటు వైపు చాలావరకు బాగున్నట్టే. స్పార్క్ లేకపోయినా, పచ్చగా నీరసంగా వచ్చినా కాయిల్, కండెన్సర్, పాయింట్లు చూడాలి. కాయిల్ లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే వేడికి పని మానేసి, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌లో పాయింట్ల గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్న వైరును కూడా వదలొద్దు. పైన తొడుగు బాగానే కనిపించినా లోపల తీగ తెగి ఉండొచ్చు. అప్పుడు కుదుపుకో వేడికో కలుస్తూ విడిపోతూ ఉంటుంది.

స్పార్క్ బాగుంటే పెట్రోల్ దారి

ముందు ట్యాంక్ మూత తీయాలి. బుస్సుమని గాలి లోపలికి లాగితే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. గాలి లోపలికి వెళ్లకపోతే పంపు పెట్రోల్‌ను లాగలేదు. మూతను శుభ్రం చేస్తే చాలు.

తర్వాత ఇంజిన్ పక్కనే ఉండే పెట్రోల్ పంపుపై తడిగుడ్డ వేయాలి. కాసేపటికే బండి స్టార్ట్ అయితే అది వేపర్ లాక్ కావచ్చు. అంటే వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై, పంపు దాన్ని తోయలేకపోతోందన్నమాట. కాలిన ఇంజిన్‌పై నేరుగా నీళ్లు మాత్రం పోయొద్దు.

ట్యాంకు నుంచి పంపు వరకు ఉన్న రబ్బరు పైపులనూ చూడాలి. అక్కడ పగులు ఉంటే పెట్రోల్ కారకపోవచ్చు, పంపు పెట్రోల్‌కు బదులు గాలి పీలుస్తుంది. 2025లో దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. పాతకాలపు రబ్బరు దానికి త్వరగా పాడవుతుంది. కాబట్టి ఇథనాల్ తట్టుకునే పైపులు వేయించడం మేలు.

ఒకేసారి ఒక్కటే మార్చండి

కాయిల్, కండెన్సర్, పాయింట్లు అన్నీ ఒకేరోజు మార్చేస్తే జబ్బు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. ఒకటి మార్చి, బండి అంతకుముందు ఆగిన ఎండలో, అంతే దూరం నడిపి చూడాలి. ఎన్ని కిలోమీటర్లకు ఆగింది, ఎండా వానా, ఎంతసేపటికి స్టార్ట్ అయింది అన్నది రాసిపెట్టుకుంటే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. బాగున్న పాత కార్బొరేటర్‌ను అనుమానంతో తీసి పారేస్తే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. బండి మొరాయిస్తే రోడ్డు మీదే బానెట్ ఎత్తకుండా, ముందు పక్కకు తోయించి, వెనక వచ్చేవాళ్లకు కనిపించేలా గుర్తు పెట్టాకే రిపేరు సంగతి చూడాలి.