తడి జుట్టును చుట్టి ఆరబెడితే ఉంగరాలు ఎందుకు తిరుగుతుంది?

తడి తలకు జడ వేసుకుని పడుకుంటే, పొద్దున్న విప్పగానే జుట్టు అలలు అలలుగా ఉంటుంది కదా! ఎందుకలా?

వెంట్రుకలో కెరటిన్ అనే ప్రోటీన్ పోగులుంటాయి. పక్కపక్కనున్న పోగులను చిన్న చిన్న బంధాలు పట్టి ఉంచుతాయి. నీళ్లు తగలగానే వాటిలో బలహీనమైనవి ఊడిపోతాయి. అప్పుడు జుట్టు ఎటు వంచితే అటు వంగుతుంది. ఆరేటప్పుడు ఆ కొత్త వంపులోనే బంధాలు మళ్లీ ఏర్పడతాయి. నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసిన నూలు చొక్కాకు మడత నిలిచినట్టే!

1940ల్లో అమెరికా, బ్రిటన్ మహిళలు ఇంట్లోనే ఇలా ‘పిన్ కర్ల్స్’ వేసుకునేవారు. హాలీవుడ్ నటి రీటా హేవర్త్‌లా అలల జుట్టు మీకూ కావాలా? కొద్దిగా తడిగా ఉన్న జుట్టును సన్నటి పాయలుగా తీయండి. ఒక్కో పాయను కొస నుంచి కుదురు దాకా గుండ్రంగా చుట్టి, తలకు ఆనించి పిన్ను పెట్టండి. పైన గుడ్డ కట్టుకోండి. పూర్తిగా ఆరాకే విప్పి, మెల్లగా దువ్వండి. తడిమీదే విప్పితే వంపు నిలవదు.

వానలో తడిస్తే ఉంగరాలు పోతాయి. బెంగపడకండి, మళ్లీ చుట్టుకోవచ్చు. వెనకవైపు పాయలకు మాత్రం అమ్మనో అక్కనో సాయం అడగండి!