నాలుగో ఇల్లు దాటితే ఏదీ గుర్తుండదు

"మాకు ఆదివారం ఒక్కరోజే ఖాళీ అండీ. ఎన్ని ఉంటే అన్నీ చూపించేయండి."

ఇల్లు కొందామనుకునేవాళ్లు ఫోన్ చేసి ముందు బడ్జెట్ చెబుతారు. ఆ వెంటనే చెప్పేది ఈ మాటే. పదేళ్లకు పైగా మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి వైపు ఇళ్లు చూపిస్తున్నాను. ఈ మాటకి నా జవాబు ఎప్పుడూ ఒకటే. "మూడు చూపిస్తానండీ. ఓపికుంటే నాలుగు. ఐదోది మాత్రం ఆ రోజు వద్దు."

చాలామందికి ఇది నచ్చదు. సెలవు వృథా అవుతుందని బాధ. 'వీడి చేతిలో అసలు ఇళ్లున్నాయా' అని అనుమానం కూడా. కొందరైతే నన్ను వదిలేసి, "పొద్దున్న తొమ్మిదింటికి రండి, చీకటి పడేలోగా పది ఫ్లాట్లు చూపిస్తా" అనే ఇంకో ఏజెంటు కారెక్కేస్తారు. వాళ్లని తప్పుపట్టలేం. చీరల షాపులో మనకి అలవాటైన పద్ధతే అది. యాభై తీయించి ఒకటి కొంటాం. అయితే ఇంటికొచ్చాక చీర నచ్చకపోతే బీరువాలో అడుగున పెట్టేస్తాం. ఇరవై ఏళ్ల ఈఎంఐ ఉన్న ఇంటిని ఎక్కడ పెడతాం?

ముందు గడియారం లెక్క చూద్దాం. ఒక ఫ్లాటు సరిగ్గా చూడాలంటే ముప్పావుగంట కావాలి. గేటు దగ్గర రిజిస్టర్లో పేరు రాయాలి, బండి పెట్టాలి, తాళాలు తెప్పించాలి. లోపలికెళ్లాక గదులు, కుళాయిలు, కిటికీలు, ఆ తర్వాత సెల్లారు, టెర్రస్. అక్కడి నుంచి ఇంకో ఇంటికి చేరడానికి అరగంట. ఆదివారం కూకట్‌పల్లి వైపు రోడ్డెక్కారంటే అదీ చాలదు. పదింటికి మొదలుపెడితే మూడో ఇల్లు చూసి బయటికొచ్చేసరికి ఒంటిగంటంపావు. ఒక్కరోజులో పది చూపిస్తానన్నవాడు మీకు పది తలుపులు తీసి చూపిస్తాడు. ఇల్లు చూపించడం అది కాదు.

ఇక మనిషి లెక్క. మొదటి ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ప్రతి కుళాయీ తిప్పి చూస్తారు. వాషింగ్ మెషీన్ ఎక్కడ పడుతుందో జానతో కొలుస్తారు. రెండో ఇంట్లో ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి. పోల్చుకోవడానికి ఇప్పుడు ఒకటి ఉంది కదా. మూడో ఇంటికి కాస్త నెమ్మదిస్తారు. ఐదో ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మం దగ్గరే ఫోన్ చూసుకుంటుంటాడు, ఆవిడ హాల్లో నిలబడి "బాగుంది" అనేస్తుంది, పిల్లాడు కార్లో నిద్రపోతుంటాడు.

అసలు తమాషా రాత్రికి. వెనకటికి నాలాగే తిప్పే ఒక ఏజెంటు మిత్రుడితో కలిసి ఒక కుటుంబానికి ఇళ్లు చూపించాం. ఆయన పట్టుబట్టడంతో ఆ రోజు ఏడు అయ్యాయి. రాత్రి ఫోన్ చేసి "ఏది నచ్చిందండీ?" అని అడిగితే, "ఆ నీలం కర్టెన్ల ఇల్లండీ, పెద్ద బాల్కనీ ఉంది చూడండి, అదే" అన్నారు. నీలం కర్టెన్లు ప్రగతినగర్ ఫ్లాటువి. పెద్ద బాల్కనీ ఉన్నది బాచుపల్లిలో. వాళ్లకి నచ్చిన ఇల్లు హైదరాబాద్‌లో ఎక్కడా లేదు!

ఎంపికలు పెరిగితే ఏమవుతుందన్న దాని మీద షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటి బాగా పేరుపడింది. కాలిఫోర్నియాలోని ఒక సరుకుల దుకాణంలో ఒకసారి 24 రకాల జామ్ సీసాలు, ఇంకోసారి ఆరు రకాలే రుచికి పెట్టారు. 24 పెట్టినప్పుడు ఆగి చూసినవాళ్లు ఎక్కువే. కానీ అలా ఆగినవాళ్లలో కొన్నది నూటికి ముగ్గురు. ఆరు పెట్టినప్పుడు నూటికి ముప్ఫై మంది కొన్నారు. అన్ని సందర్భాలకీ ఇది వర్తించదని తర్వాత వచ్చిన పరిశోధకులు వాదించారు, అది వేరే చర్చ. నేను చూసిందల్లా ఏమిటంటే, జామ్ దగ్గర జనం కొనకుండా వెళ్లిపోయారు. ఇంటి దగ్గర అలసిపోయినవాళ్లు వెళ్లిపోరు. ఏదో ఒకటి కొనేస్తారు. నా భయం దాని గురించే.

సాయంత్రం ఏడింటి టోకెన్

మా వృత్తిలో లోగుట్టు ఒకటి చెప్పాలి. పది ఇళ్లు తిప్పే ఏజెంట్లలో సగం మంది మీరు చెప్పింది సరిగ్గా వినక అలా తిప్పుతారు. ఏదో ఒకటి తగలకపోతుందా అని వాళ్ల ఆశ. మిగతావాళ్లు అన్నీ తెలిసే తిప్పుతారు. ముందు చీకటి గదులున్న పాత ఫ్లాటు చూపిస్తారు. తర్వాత మీ బడ్జెట్‌కి పదిహేను లక్షలు ఎక్కువది. ఆ తర్వాత మరీ ఊరి చివరిది. కాళ్లు పీకి, ఆశ వదిలేసుకున్నాక, సాయంత్రం పూట తాము అమ్మాలనుకున్న ఇంటికి తీసుకెళ్తారు. పొద్దున్నుంచీ చూసినవాటి పక్కన అది ఇంద్రభవనంలా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఏజెంటుకి ఫోన్ మోగుతుంది. "సార్, ఇంకో పార్టీ టోకెన్ ఇవ్వడానికి దార్లో ఉన్నారట."

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన ఇలాగే లక్ష రూపాయలు టోకెన్ ఇచ్చేసి, ఆ తర్వాత సలహా కోసం నా దగ్గరికొచ్చారు. ఆ రోజు చూసినవాటిలో అది ఎనిమిదోది. జీవితమంతా ఇతరుల లోను కాగితాలు చూసిన మనిషి, తన ఇంటి ప్లాను అడగలేదు. "అప్పటికి కాళ్లు లాగేస్తున్నాయండీ, ఇంక చాలనిపించింది" అన్నారు. మంజూరైన ప్లానులో నాలుగు అంతస్తులే ఉన్నాయి. ఆయన టోకెన్ ఇచ్చింది ఐదో అంతస్తులోని ఫ్లాటుకి. బ్యాంకు లోను ఇవ్వనంది. ఆ లక్షలో కొంత నెలల తరబడి తిరిగాక వచ్చింది, కొంత రాలేదు.

కొత్త ప్రాజెక్టుల విషయంలో చట్టం కొంత అండగా ఉంది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, బిల్డరు ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందుగా అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయించాలి. ఆ ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మిపెట్టే మాలాంటి ఏజెంట్లూ రెరాలో నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే రోజుకి 10 వేల రూపాయల చొప్పున జరిమానా పడొచ్చు. కానీ చేతులు మారే పాత ఫ్లాటుకి సాయంత్రం ఏడింటికి ఫోన్లో పంపిన టోకెన్‌కి ఈ రక్షణ లేదు. అక్కడ మీ తెలివే మీకు దిక్కు. ఆ తెలివి ఐదు ఇళ్లు తిరిగాక కూడా మిగిలి ఉండాలి కదా.

డబ్బు సంగతీ దాచను. మా వైపు అమ్మకానికి కమీషన్ మామూలుగా ఒక్కో పక్షం నుంచి ఒక శాతం. 80 లక్షల ఫ్లాటు అమ్ముడైతే కొన్నవాళ్ల నుంచి నాకొచ్చేది 80 వేలు. మీరు ఈ ఆదివారమే టోకెన్ ఇస్తే నాకు లాభం. వచ్చే నెల ఇస్తే పెట్రోలు నాది. కాబట్టి తొందర ఎవరిదో మీరే గమనించుకోండి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం. 80 లక్షలకి పూర్తిగా రాయిస్తే ఆరు లక్షలు. నచ్చలేదని రెండేళ్లకి అమ్ముకుంటే ఆ ఆరు లక్షలు వెనక్కి రావు.

పదిని మూడు చేసేది ఫోనే

మూడే చూపిస్తానంటే నా పని తగ్గినట్టు కాదు, పెరిగినట్టు. ఆ మూడూ ఏవో తేల్చడానికి ముందు రోజు ఫోన్లో గంటసేపు మాట్లాడతాను. ఇంట్లో ఎవరెవరుంటారు? పెద్దవాళ్లున్నారా, మెట్లు ఎక్కగలరా? బండ్లెన్ని? పిల్లల స్కూలు బస్సు ఎక్కడి దాకా వస్తుంది? పడమర ముఖం పనికొస్తుందా? ఈ ఆఖరి ప్రశ్న ముందే అడగకపోతే మూడిళ్లు తిరిగాక కార్లో వెనక సీటు నుంచి అత్తగారు తీరిగ్గా చెబుతారు, "మా సిద్ధాంతి గారు తూర్పే చూడమన్నారు" అని.

తర్వాత కాగితాల వడపోత. పాత ఫ్లాటు అయితే ఈసీ, మంజూరు ప్లాను, ఓసీ ఉన్నాయో లేదో ముందే అడుగుతాను. కొత్తదైతే రెరా నంబరు. కాగితాలు లేని ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా చూపించను. చూస్తే మనసు పడుతుంది, మనసు పడ్డాక కాగితాల్లో లోపం కనిపించదు. ఇంకో సంగతి, ఇళ్లని పోల్చేది కార్పెట్ ఏరియాతో. బ్రోచర్లో 1,500 చదరపు అడుగులని ఉంటుంది. లోపల మనం వాడుకునే నేల సుమారు వెయ్యీ పదకొండు వందల మధ్య ఉండొచ్చు. మిగతాది మెట్లూ లిఫ్టూ కారిడార్లలో మన వాటా. ఒక ఇంటిది సూపర్ బిల్టప్, ఇంకో ఇంటిది కార్పెట్ పెట్టుకుని పోలిస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

అయితే ఒక్క ఇల్లే చూపించి "ఇంతకంటే మంచిది దొరకదు" అనేవాణ్ని కూడా నమ్మకండి. పోల్చడానికి రెండోది లేకపోతే మొదటిది మంచిదో కాదో మీకెలా తెలుస్తుంది?

అద్దె ఇళ్లకి నా నియమం వర్తించదు. పదకొండు నెలల అగ్రిమెంటుకి ఒక్కరోజులో ఎనిమిది చూసినా కొంపలేం మునగవు. ఒకే గేటెడ్ కమ్యూనిటీలో నాలుగు ఫ్లాట్లు చూస్తే దాన్ని ఒకటిన్నర ఇల్లుగా లెక్కేస్తాను. ఖమ్మం నుంచో విజయవాడ నుంచో పొద్దున్నే బస్సు దిగినవాళ్లకి పొద్దున మూడు, భోజనం చేసి కాస్త నడుం వాల్చాక నాలుగింటికి ఇంకో రెండు. డాలస్ నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చేవాళ్లకి ముందే వీడియోలు పంపి, నచ్చనివి అక్కడే తీసేయిస్తాను. వీడియోలో వాసన రాదు, పక్క ఫంక్షన్ హాలు డప్పు వినపడదు. అందుకే వీడియో చూసి వద్దనడం వరకే, కొనడం మాత్రం కుదరదని చెబుతాను.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది. మనం చూసే పాత ఫ్లాట్లలో చాలావాటిలో అద్దెకున్నవాళ్లు ఉంటారు. ఓనరు అమ్మేస్తే ఖాళీ చేయాల్సింది వాళ్లే. వాళ్ల ఆదివారం మధ్యాహ్నం, వాళ్ల పడగ్గదిలోకి, చెప్పులతో ఐదారుగురం దిగుతాం. అలాంటి ఇంటికి "పదిలో ఇదొకటి, ఊరికే చూద్దాం" అని వెళ్లడం నాకు మనసొప్పదు.

నాలుగో వంతు

మరి నాలుగో ఇల్లు? ఆ సమయాన్ని నేనెక్కువగా కొత్త ఇంటికి వాడను. మూడింటిలో నచ్చినదాన్నే మామూలు పనిరోజు సాయంత్రం ఇంకోసారి చూపిస్తాను. ఏడు గంటలకి సెల్లారు నిండా బండ్లుంటాయి. మీ పార్కింగ్‌లో ఎవరి కారుందో అప్పుడు తెలుస్తుంది. పై ఇంట్లో పిల్లలు దూకుతుంటారు. కరెంటు పోతే జనరేటర్ లిఫ్టుకి మాత్రమేనా, ఇళ్లకి కూడానా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. లిఫ్టు ఆగి ఉంటే మెట్లెక్కి చూడండి, ఐదో అంతస్తు ఎంత దూరమో తెలుస్తుంది.

ఈ మధ్య ఒక జంట ఆదివారం మూడు చూశారు. ఇద్దరికీ మొదటిదే నచ్చింది. బుధవారం సాయంత్రం ఆయన తండ్రిని కూడా తీసుకొచ్చారు. పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో ఉన్న మనిషి. కుర్చీ లిఫ్టులో పట్టింది. కానీ పక్కన తోడు మనిషి నిలబడ్డానికి చోటు లేదు, బాత్రూమ్ గుమ్మం నాలుగు వేళ్లు ఇరుకు. ఎవరూ ఏం మాట్లాడలేదు. అక్కడి నుంచి నేరుగా ఆదివారం చూసిన రెండో ఇంటికి వెళ్లాం. అది కాస్త పాతది, హాలు చిన్నది. లిఫ్టులో ముగ్గురం ఆయనతోపాటు పట్టాం. బాత్రూమ్‌లోకి కుర్చీ నేరుగా వెళ్లింది.

కొడుకూ కోడలూ వంటింటి గట్టు చూస్తుంటే, పెద్దాయన బాల్కనీలోకి వెళ్లి కూర్చుని వాచ్‌మన్‌ని కేకేశారు. "మంజీరా నీళ్లొస్తాయా నాయనా?"

"రోజిడిచి రోజు వస్తయ్ సార్. ఎండాకాలం ట్యాంకరే."

"నెలకి ఎంతవుతుంది?"

వాచ్‌మన్ చెప్పిన అంకె కోడలు ఫోన్లో రాసుకుంది.