వార్తలోని 48 అడుగులు
(భూగోళపు తరగతిలో వార్తారచన)

"భద్రాచలమువద్ద గోదావరి నీటిమట్టము 48 అడుగులకు చేరినది. రెండవ ప్రమాద హెచ్చరిక జారీ అయినది."

వర్షాకాలములో ఇటువంటి వార్త మనకు క్రొత్తది కాదు. గోదావరి తీరమందలి ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలతో కొంతసేపు మాట్లాడుమని నన్ను పిలిచినప్పుడు, ఈ రెండు వాక్యములను నల్లబల్లపై వ్రాసి, 48 అడుగులనగా ఏమి అని అడిగితిని.

"ఊళ్ళోకి అంత లోతు నీళ్ళు వచ్చాయండి" అన్నాడు ముందు వరుసలోని ఒక బాలుడు.

"కాదు సార్, ఏటి మధ్యలో లోతు" అన్నది ఒక బాలిక.

"నిన్నటి కంటె 48 అడుగులు పెరిగిందేమో!" అని వెనుకనుండి ఇంకొక గొంతు వినవచ్చినది.

మూడును తప్పులే. కాని పిల్లలను తప్పుపట్టుటకు వీలులేదు. ప్రతి సంవత్సరము ఆ అంకెను చదువుచున్న పెద్దలలో మాత్రము ఎందరికి తెలియును? నదివద్ద అడుగుల గుర్తులు గల కొలబద్ద యొకటి ఉండును. దాని సున్న ఒకచోట స్థిరముగా నిర్ణయింపబడి యుండును. నీటి ఉపరితలము ఆ సున్నకు ఎంత పైన నున్నదో చెప్పునదే ఈ అంకె. అది ఊరిలోని నీటి లోతు కాదు, నది మధ్యనున్న లోతును కాదు. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. ఈ అంకెలు ఆ ఒక్క చోటికే వర్తించును. ఇంకొక ఊరి కొలబద్దపై 48 అడుగులనగా అర్థము వేరు.

వార్త వ్రాసిన విలేఖరికి ఈ సంగతి తెలిసియే యుండవచ్చును. కాని దానిని చదువువానికి తెలియనిచో వార్త సగమే చేరినట్లు. మిగిలిన సగము భూగోళశాస్త్రము చేయవలసిన పని. ఆ పనిని పాఠశాల పిల్లలచేత చేయింపవచ్చునని చెప్పుటకే ఈ వ్యాసము.

బ్రిటనులో ఇందుకు పోలిన ప్రయత్నము పెద్ద ఎత్తున జరిగినది. అక్కడి బి.బి.సి. వార్తాసంస్థ 2006లో పాఠశాలల కొరకు 'స్కూల్ రిపోర్ట్' అను పథకమును ఆరంభించినది. పదునొకండేండ్లు దాటిన పిల్లలు తమ బడిలోనే వార్తలు సేకరించి, వ్రాసి, చదివి, ఏటికొకసారి మార్చి నెలలో ఒక నిర్ణీత దినమున ప్రసారమునకు సిద్ధము చేసెడివారు. మధ్యాహ్నము రెండు గంటలకు వార్త పూర్తి కావలెను. విలేఖరులకు గడువు ఎట్లు తప్పదో పిల్లలకును అట్లే. మొదటి వార్తాదినము 2007లో జరిగినది. 2018లో ఈ పథకము 'యంగ్ రిపోర్టర్' అను మరియొక పథకములో కలిసినది.

ఇటువంటి పని భాషోపాధ్యాయులదని మనము సాధారణముగా అనుకొందుము. వాక్యము దిద్దుట వారి పనియే, సందేహము లేదు. కాని వార్తకు మూలమైన ప్రశ్నలలో 'ఎక్కడ?' అనునది భూగోళశాస్త్రపు ప్రశ్న. 'ఎందుచేత?' అను ప్రశ్నలో సగమును దానిదే. వాన, వరద, ఎండ, పంట, రహదారి, వలస, తాగునీరు, వీనిలో దేనిని గూర్చి వ్రాయబోయినను పటము విప్పక తప్పదు. పటము విప్పకుండ వ్రాసిన వార్త ఎట్లుండునో మనము అప్పుడప్పుడు చూచుచునే యున్నాము.

వానతో మొదలు పెట్టుట సులభము. ఇందుకు కావలసినది నిలువు గోడలు గల ఒక డబ్బా, ఒక స్కేలు. డబ్బా నోరు చిన్నదైనను పెద్దదైనను లెక్క మారదు. అడుగు సన్నగిలి పైన వెడల్పైన పాత్ర మాత్రము పనికిరాదు. దానిని చెట్లకు, గోడలకు వాని ఎత్తుకు కనీసము రెండింతల దూరమున, ఆరుబయట, గాలికి పడిపోకుండ పాతవలెను. డబ్బాలో నిలిచిన నీటి ఎత్తే వర్షపాతము. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది సరిగా ఒక లీటరు నీరు. ఈ ఒక్క లెక్క తెలిసిన పిల్లవాడు వానను గూర్చి వ్రాయు వార్తయే మారిపోవును. 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఒక హెక్టారు చేనిపై పది లక్షల లీటర్లు పడినవన్నమాట. "నిన్న కుంభవృష్టి కురిసినది" అని వ్రాయుటకును, ఈ లెక్క వ్రాయుటకును ఎంత తేడా!

'భారీ వర్షము' అను మాటకు కూడ ఒక కొలత గలదు. మన వాతావరణ శాఖ లెక్క ప్రకారము 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లనుండి 115.5 వరకు పడినది భారీ వర్షము. 115.6 నుండి 204.4 వరకు అతిభారీ. ఆపైన పడినది అత్యంత భారీ. పిల్లలు తమ డబ్బాలో 40 మిల్లీమీటర్లు చూచి 'భారీ' అని వ్రాసినచో, ఉపాధ్యాయుడు ఆ మాటను కొట్టివేయవలసినదే. మొదట వారికి కష్టముగా తోచును. వారము దినములలో వారే ఒకరి మాటలు ఒకరు కొట్టివేయుదురు!

ఇక్కడ ఒక చిక్కు వచ్చును. నేను చెప్పిన బడిలో వచ్చినది కనుక చెప్పుచున్నాను. ఒకనాటి సాయంకాలము గట్టి వాన పడినది. పిల్లలు మరునాటి ఉదయము డబ్బా చూచి, 'నిన్నటి వర్షపాతము' అని గోడపత్రికలో వ్రాసిరి. తరువాత ప్రభుత్వపు లెక్క చూడగా, వారు వ్రాసిన తేదీకి వాన దాదాపు లేదు, మరునాటి తేదీకి ఎక్కువగా నున్నది. మనదే తప్పని కొందరు, వారిదే తప్పని కొందరు వాదులాడుకొనిరి. నిజమునకు ఎవరిదియు తప్పు కాదు. వర్షపాతమును ఉదయము 8.30 గంటలకు కొలుతురు. ఆ గడియకు వెనుకటి 24 గంటలలో పడిన వాన యంతయు, కొలిచిన దినపు తేదీకే చేరును. కావున నిన్నటి సాయంకాలపు వాన నేటి ఖాతాలో పడును. ఆ దినమునుండి ఆ పిల్లలు తమ వార్తలో 'ఉదయము 8.30 వరకు' అని చేర్చుచున్నారు. కొన్ని పత్రికలు ఇప్పటికిని చేర్చవు.

మరల గోదావరి కడకు వత్తము. పిల్లలు తరచు అడుగు ప్రశ్న యొకటి గలదు: "ఇక్కడ చుక్క వాన లేదు, ఏరు ఎట్లా పొంగింది?" దీనికి సమాధానము పటములోనే దొరకును. ప్రాణహిత మహారాష్ట్ర వైపు నీటిని తెచ్చి కాళేశ్వరమువద్ద గోదావరిలో కలియును. ఇంద్రావతి బస్తరు ప్రాంతపు నీటిని తెచ్చి ఇంకను దిగువన కలియును. ఈ రెండును భద్రాచలమునకు ఎగువనే. కావున అక్కడెక్కడో అడవులలో కురిసిన వాన భద్రాచలము కొలబద్దపై కనబడును. శబరి సంగతి వేరు. అది కూనవరమువద్ద, అనగా భద్రాచలమునకు దిగువన కలియును. దానినుండి వచ్చు నీరు భద్రాచలములోని అంకెలో కనబడదు, ధవళేశ్వరములోని అంకెలో కనబడును. పై అంకె తగ్గుచున్నదని విని దిగువ గ్రామముల వారు వెంటనే నిశ్చింతగా నుండరాదనుటకు ఇదియు ఒక కారణము. 2014 తరువాత భద్రాచలము తెలంగాణలోను, కూనవరము, ధవళేశ్వరము ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నవి. నదికి ఈ సరిహద్దుతో పనిలేదు గాని, వార్తను కూర్చు పిల్లవాడు రెండు రాష్ట్రముల లెక్కలను పక్కపక్కన పెట్టి చూడవలసి యుండును.

ధవళేశ్వరము ఆనకట్టవద్ద హెచ్చరికలను ప్రవాహమునుబట్టి ఇత్తురు. పది లక్షల క్యూసెక్కులకు మొదటిది, పదమూడు లక్షలకు రెండవది, పదునేడు లక్షలకు మూడవది. క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. పది లక్షల క్యూసెక్కులనగా ఎంత? ఏడు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల తరగతి గది నొకటి ఊహించుకొనుడు. అట్టి గదులు దాదాపు 225 ఒక్క సెకనులో నిండి ముందుకు సాగిపోవును. జలాశయముల వార్తలలో వచ్చు టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. పది లక్షల క్యూసెక్కుల వరద వేయి సెకన్లలో, అనగా పదునేడు నిమిషముల లోపుననే, ఒక టి.ఎం.సి. నీటిని సముద్రము వైపు మోసికొని పోవును. లెక్కల మాస్టారు కూడ ఒక పీరియడు ఇచ్చినచో ఈ పని బాగుగా సాగును.

ఇంతవరకు చెప్పినది ఇతరుల అంకెలను అర్థము చేసికొనుట. పిల్లలు తామే సేకరింపగల వార్త ఇంకొకటి గలదు. భద్రాచలమువద్ద 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు. తీరమందలి ఏ ఊరికి పోయినను, ఆ రెండు వరదలలో నీరు ఏ మెట్టు వరకు వచ్చినదో, ఏ గుడి గోడను తాకినదో చూపగల తాతలు, అమ్మమ్మలు ఉందురు. వారిని అడిగి, చూపిన చోట సుద్దముక్కతో గీత గీసి, రెండు గీతల నడుమ తేడాను టేపుతో కొలువవలెను. భద్రాచలములో ఆ తేడా 4.3 అడుగులు. మన ఊరిలోను అంతే ఉండవలెనని లేదు, నది వెడల్పు, గట్టుల ఎత్తు మారుచుండును గదా. ఆ గీతలతో, ఊరి దారులతో, ముందుగా మునుగు వాగు వంతెనతో ఒక పటము గీసినచో, ఆ ఊరిని గూర్చి ఏ పత్రికలోను ఇంతవరకు రాని వార్త సిద్ధమగును. ముసలివారి జ్ఞాపకమును మాత్రము ఒక్కరితో సరిపెట్టరాదు. వేరువేరు వీధులలో కనీసము ముగ్గురిని అడిగి, మాటలు కలియనిచో కలియలేదనియే వ్రాయవలెను.

పటమును గూర్చి ఒక మాట. వార్తతో వచ్చు పటము చిన్నది. అందులో ఉత్తరదిక్కు గుర్తు, స్కేలు, నది పారు వైపు చూపు బాణము, ఈ మూడును ఉండితీరవలెను. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్థలపటములో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. దానినుండి మన ఊరి భాగమును పెద్దది చేసి గీయుట మంచి అభ్యాసము. ఎడమగట్టు, కుడిగట్టు అను మాటలలో పిల్లలే కాదు, పెద్దలును పొరబడుదురు. నీరు పారు వైపునకు ముఖము పెట్టి నిలిచినప్పుడు మన ఎడమచేతి వైపున నున్నదే ఎడమగట్టు. భద్రాచలము ఎడమగట్టున నున్నది. వరద దినములలో సెల్‌ఫోనులో ఒకరినుండి ఒకరికి పాకు పాత ఛాయాచిత్రములను పట్టుటకు కూడ ఇది పనికివచ్చును. చిత్రములో నది ఏ వైపునకు పారుచున్నది? వంతెన ఏ గట్టున ముగియుచున్నది? నీడలు ఏ దిక్కున పడుచున్నవి? అది మన ఊరి చిత్రము కానిచో ఈ ప్రశ్నలలో ఏదో ఒకచోట గుట్టు బయటపడును.

ఇదంతయు పిల్లల ఆటగా తోచువారికి ఒక సంగతి గుర్తుచేయవలెను. 2004 డిసెంబరు 26న టిల్లీ స్మిత్ అను పదేండ్ల ఆంగ్ల బాలిక తలిదండ్రులతో థాయిలాండులోని ఫుకెట్ దీవిలో మైఖావ్ అను సముద్రతీరమున నున్నది. నీరు నురుగులు కక్కుచు వింతగా కదలుట ఆమె చూచినది. రెండు వారములకు ముందే బడిలో, భూగోళపు తరగతిలో, సునామీని గూర్చి చదివియున్నది. ఇది అదేనని తలిదండ్రులకు చెప్పినది. వారు మొదట నమ్మలేదు. ఆమె పట్టు విడువలేదు. తుదకు తండ్రి హోటలు కావలివానికి తెలిపెను, తీరము ఖాళీ చేయించిరి. సుమారు నూరుగురు బ్రతికి బయటపడిరని చెప్పుదురు. ఆనాటి కెరటములు మన ఆంధ్రతీరమునకును వచ్చినవి. ఆ బాలిక చేసినది విలేఖరి పనియే గదా! ఏమి చూచితిని, ఎక్కడ చూచితిని, అది ఏమి కావచ్చును, ఎవరికి చెప్పవలెను, ఈ నాలుగింటిని ఆమె వరుసగా చేసినది.

అయినను ఒక కట్టుబాటు తప్పక యుండవలెను. వరద వచ్చుచున్నప్పుడు ఏ విద్యార్థియు వార్త కొరకని ఏటిగట్టునకు పోరాదు. కొలతలు, పటములు, తాతల మాటలు అన్నియు ఎండకాలములోనే ముగించుకొనవలెను. వరద దినములలో బడిలోనో ఇంటిలోనో కూర్చుండి, ప్రకటించిన అంకెలను తమ పటముమీద గుర్తించుటయే వారి పని.

ఈ పనికి ప్రత్యేకముగా డబ్బు అక్కరలేదు. వారమునకు ఒక భూగోళపు పీరియడు, ఒక గోడపత్రిక, ఒక దళసరి నోటుపుస్తకము చాలును. పుస్తకములో తేదీ, కొలిచిన గడియ, కొలిచినవారి పేరు, అంకె వ్రాయవలెను. తప్పు దొరికినప్పుడు చెరిపివేయక, గీత కొట్టి ప్రక్కన సరిదిద్దవలెను. నేను చూచిన బడిలో అట్టి పుస్తకము రెండవ సంవత్సరములో నున్నది. మొదటి పుటలో తొలిసారి వ్రాసిన వాక్యము "ఊరిలోనికి 48 అడుగుల నీరు వచ్చినది" అని యున్నది. దానిపై ఎఱ్ఱసిరాతో ఒక గీత, ప్రక్కన "కొలబద్ద అంకె, లోతు కాదు" అను దిద్దుబాటు. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతికి వచ్చిన పిల్లలకు పని అప్పగించునప్పుడు, పాతవారు ముందుగా ఆ పుటనే తెరచి చూపించిరట.