వేసవిలో అగ్నిభయము



సంక్రాంతి మొదలు ఉగాదివరకును సాగు కొమురవెల్లి మల్లికార్జునస్వామివారి జాతరను మీలో చాలమంది చూచియే యుందురు. జాతర ముగియు దినములలో భక్తులు అగ్నిగుండములలోని నిప్పులపై నడతురు. ఆ నిప్పునకు హద్దు గలదు. చుట్టును కనిపెట్టియుండు వారు గలరు. హద్దును కాపలాయును లేని నిప్పును గూర్చియే మేమిపుడు వ్రాయుచున్నాము.

మా తప్పును మొదట చెప్పుకొనుట న్యాయము. ఒక చైత్రమాసమున మేము వంట ముగించి, పొయ్యిలోని బూడిద చల్లారినదని తలచి పెరటిదిబ్బపై పారబోసితిమి. నడిరేయి గాలి లేచెను. బూడిదలో దాగిన నిప్పు రాజుకొని, పొరుగింటి ముసలమ్మ గడ్డివామును దహించెను. మనుష్యులకు హాని కలుగలేదు గాని, ఆమె రెండు గేదెలకును దాచుకొన్న వేసవిమేత యంతయు మసియయ్యెను. “నువ్వేమన్న కావాలని జేస్తివా బిడ్డా!” అని ఆమె మమ్మే ఓదార్చెను. ఆ మాట నేటికిని మా మనసును కాల్చుచున్నది.

అడవులలోని దావాగ్నియు చాలవరకిట్లే మనుష్యుల చేతినుండియే పుట్టును. మాఘఫాల్గుణములలో టేకు మొదలగు చెట్ల యాకులు రాలి నేలపై పరపువలె ఎండియుండును. ఇప్పపూవు ఏరుటకు నేల శుభ్రపడవలెనని కొందరు, తునికి కొత్తచిగురు వేయవలెనని కొందరు ఆ యాకులకు నిప్పు పెట్టుదురు. ఆర్పని చుట్టముక్క యొక్కటి చాలు. నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమునకు ప్రతి వేసవియు ఈ భయమే. అటవీశాఖవారు వేసవికి ముందే అగ్నిరేఖలు తీయింతురు. డెహరాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహములద్వారా మంటలను కనిపెట్టి సమాచారము పంపును. అయినను నిప్పు పడకుండ చూచుటకన్న మేలైన రక్ష లేదు.

అడవి లేని యూరికి ఈ భయము లేదనుకొనరాదు. మల్లన్న పేరనే వెలసి 2022లో ప్రారంభమైన మల్లన్నసాగరము గల సిద్దిపేట సీమలో యాసంగి వరికోత యంత్రముతో ముగియగనే కొయ్యకాళ్లను తగులబెట్టుట కలదు. ఆ మంట గట్టు దాటి తాటివనములకు, గుట్టలకు ప్రాకును. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాషు ఉండునందురు. దున్ని కలిపినచో భూమికి బలమగు దానిని కాల్చుట యేల? ఖాండవదహనమున జరిత యను పక్షి పిల్లలను అగ్నిదేవుడు కరుణించి విడిచెనని ఆదిపర్వమున చదువుకొంటిమి. నేలమీదనే గ్రుడ్లు పెట్టు మన కౌజుపిట్టలకు ఆ వరము లేదు.

ఎండుగడ్డిని చులకనగా చూడరాదు. 2023 ఆగస్టు 8న హవాయి దీవులలోని లహైనా పట్టణమున, పాడుపడిన తోటభూములలోని ఎండుగడ్డికి పెనుగాలి తోడై, ఒక్క దినములో ఊరు దగ్ధమయ్యెను. సుమారు 100 మంది మరణించిరి.

కావున ఇల్లాండ్రము మనము చేయదగినవి చెప్పెదము. జాతరలోగాని చేనిలోగాని పొయ్యి పెట్టునపుడు చుట్టును ఆకులలములు ఊడ్చి, పక్కన బిందెడు నీరుంచవలెను; చీరకొంగు బిగించుకొనవలెను. వంటయైన పిదప నిప్పులపై నీరు పోసి, కలియద్రిప్పి, మరల పోయవలెను. పైన చేయి చాపిన వేడి తగులకున్నప్పుడే కదలవలెను. బూడిదను గుంటలో పోసి మన్ను కప్పవలెను. గడ్డివామును ఇంటికి దూరముగా వేసి, చుట్టును దున్నించవలెను. కొయ్యకాళ్లు కాల్చవద్దని మగవారికి నచ్చజెప్పవలెను. మంట కనబడిన 101కి ఫోను చేయవలెను. మంట ఎగువకు వేగముగా ప్రాకును గనుక, గుట్టపై నున్నవారు పైకి పరుగెత్తక, ప్రక్కకు తొలగి దున్నిన నేలకో నీటియొద్దకో చేరవలెను.

పొయ్యి వెలిగించు చేయి మనది; ఆర్పవలసిన చేయియు మనదే. ఆ రాత్రి మేము మరచినది ఒక్క చెంబెడు నీళ్లు. మీరు మరవకుందురు గాక.