రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం

సీతంపేట సంతలో రెండు అనాసపళ్ళు చెరో చేతిలో పట్టుకుంటే ఏది బరువో చిన్నపిల్లడైనా చెప్తాడు. ఒక్క పండే ఇచ్చి "ఇదెన్ని గ్రాములు?" అంటే పెద్దాళ్ళు కూడా తడుముకుంటారు. వ్యాసాలు దిద్దడమూ అంతే. ఒక్కటి చూసి పదికి ఆరా, ఏడా తేల్చడం కష్టం. అదే కాగితానికి పొద్దున్న ఏడు, రాత్రి నిద్రమత్తులో అయిదు పడొచ్చు. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే మాత్రం ఏది మేలో చప్పున చెప్పగలం.

ఈ సంగతిని శాస్త్రంగా చెప్పినవాడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎల్.ఎల్. థర్‌స్టన్. 1927లో ఆయన దీనికి తులనాత్మక నిర్ణయ సూత్రం అని పేరు పెట్టాడు. పేరు పెద్దది గాని పని చిన్నదే. రెండేసి చొప్పున పోల్చుకుంటూ పోతే మార్కులు వెయ్యకుండానే మొత్తానికీ వరస వచ్చేస్తాది.

మన గోడపత్రికకి వ్యాసాలు ఇలాగే ఎంచాలని నేనంటాను. ఇప్పుడు దస్తూరీ ముత్యాల్లా ఉన్నదే గోడెక్కుతోంది. ఇంట్లో సవర మాట్లాడే చిన్న తరగతుల పిల్లలు ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతారు. వాళ్ళ కాగితం మొదటి వాక్యం దగ్గరే పక్కకి పోతాది. కొండపోడు గురించి వాళ్ళకి తెలిసినంత మనకి తెలుసా?

12 వ్యాసాలు వచ్చాయనుకోండి. అన్నిటినీ అన్నిటితో పోలిస్తే 66 జతలు. అంత అక్కర్లేదు. ఒక్కోటి ఆరు జతల్లో పడితే చాలు, 36 జతలు. స్టడీ అవర్లో రోజుకి తొమ్మిదేసి, నాలుగు రోజుల పని. పేర్లు తీసేసి అంకెలు వెయ్యాలి. వేస్తే ఏటి లాభం, హాస్టల్లో ఎవడి దస్తూరీ ఎవడికి తెలీదు! అందుకని ఒకరు పైకి చదవాలి, ముగ్గురు విని తీర్పు చెప్పాలి. వింటే ఒత్తు తప్పు అడ్డురాదు, విషయమే చెవిలో పడుతుంది. ముగ్గురుంటే స్నేహాల పక్షపాతం కొంత విరుగుతాది, పూర్తిగా పోదు.

కారణం చెప్పని తీర్పు చెల్లదు. "మా ఊరు" మీద రెండు కాగితాలున్నాయనుకోండి. ఒకదాంట్లో "మా ఊరు ప్రకృతి అందాలకు నిలయం" అని ఉంది. రెండోదాంట్లో "వాన పడితే గెడ్డ దాటలేక మా అమ్మ సంతకి పోదు, ఆ వారం మాకు ఉప్పుండదు" అని ఉంది. ఏది మేలు? ఎందుకు? ఆ ఎందుకు అన్నది నోటితో చెప్పినవాడు తన వ్యాసంలో మళ్ళీ "నిలయం" రాయడానికి జంకుతాడు. రాసినవాడికంటే పోల్చినవాడికే లాభం ఎక్కువని నా నమ్మకం.

పిల్లల దగ్గర పిల్లలు నేర్చుకోడం కొత్తేం కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథ పాఠశాలకి వచ్చిన ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలో పెద్దపిల్లల చేత చిన్నవాళ్ళకి చెప్పించాడు. 1797లో లండన్లో పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది. మన అరుగు బడి సముద్రం దాటిందన్నమాట!

వార్డెన్ సార్లకి మనవి. ఈ వరసని ప్రోగ్రెస్ కార్డులోకి ఎక్కించకండి. మార్కులంటే ఎవడి జట్టుని వాడు గెలిపించుకుంటాడు. ఆఖరున వచ్చినవాడి పేరు గోడ మీద రాయించకండి. ఏది మేలో వరస చెప్తుంది గాని, ఎలా బాగుచెయ్యాలో చెప్పదు. కాబట్టి ప్రతి కాగితం వెనక "ఇది నచ్చింది", "ఇది ఇంకా చెప్పు" అని రెండు మాటలు రాసి తిరిగిచ్చేద్దాం. చిన్నాళ్ళకి ఆ రెండు మాటలూ సవర వచ్చిన అన్న ఎవరైనా నోటితో చెప్తే మరీ మంచిది.

ఈసారి విషయం "మా ఊరి గెడ్డ". కాగితాలు ఆదివారం లోగా తెలుగు మాస్టారి బల్ల మీద పెట్టండి.